పాస్టరు గారి పద్దులు: టామీ డగ్లస్ పద్దెనిమిదేళ్లు ఎందుకు ఆగారు?

కెనడాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా ప్రస్తావన వస్తే టామీ డగ్లస్ పేరు రాకుండా ఉండదు. చరిత్రలో అందరికంటే గొప్ప కెనడియన్ ఎవరని 2004లో అక్కడి ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ సీబీసీ టెలివిజన్ ప్రేక్షకుల చేత ఓట్లు వేయిస్తే మొదటి స్థానం ఆయనకే దక్కింది. స్కాట్లాండ్ నుంచి వలస వచ్చిన పోతపని కార్మికుడి కొడుకు, బడి మధ్యలో మానేసి ప్రింటింగ్ ప్రెస్సులో పనికి కుదిరిన కుర్రాడు, బాప్టిస్టు పాస్టరు, ఆపైన సస్కాచెవాన్ ప్రావిన్సుకు పదిహేడేళ్ల ప్రీమియర్. అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. ఇంతవరకు అందరూ చెప్పేదే. తక్కువ మంది పట్టించుకునేది తేదీల సంగతి. ఆయన పార్టీ 1944 జూన్‌లో 52 సీట్లకు 47 గెలిచింది. డాక్టరు ఫీజును ప్రభుత్వం కట్టే పథకం మొదలైంది 1962 జూలై 1న. అప్పటికి ఆయన ప్రీమియర్‌గా లేరు కూడా.

అంత మెజారిటీ ఉన్న నాయకుడు తాను అన్నిటికన్నా గట్టిగా నమ్మిన పనిని పద్దెనిమిదేళ్లు ఎందుకు వెనక ఉంచారు? భయపడి కాదు, మరిచిపోయీ కాదు. పనుల వరుస ఆయన కావాలని పెట్టుకున్నదే. ఆ వరుస వల్ల ఖజానా బలపడింది, అదే వ్యవధిలో ఎదుటిపక్షమూ బలపడింది. డగ్లస్ జీవితాన్ని ఈ రెంటినీ కలిపి చదవాలి.

వలసే, కానీ ఓటున్న వలస

డగ్లస్ 1904 అక్టోబర్ 20న స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్ పట్టణంలో పుట్టారు. 1910-11లో కుటుంబం కెనడాలోని విన్నిపెగ్‌కు చేరింది. అంతకుముందే మోకాలికి తగిలిన దెబ్బ ముదిరి ఎముకకు చీము పట్టింది. విన్నిపెగ్ ఆసుపత్రిలో కాలు తీసేయక తప్పదన్నారు. స్పెషలిస్టుకు ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేదు. ఆర్.జె. స్మిత్ అనే ఎముకల సర్జన్, వైద్య విద్యార్థులు చూసి నేర్చుకోవడానికి తల్లిదండ్రులు ఒప్పుకుంటే ఉచితంగా ఆపరేషన్ చేస్తానన్నారు. కాలు దక్కింది. ఆ కాలితోనే 1922లో మానిటోబా (విన్నిపెగ్ ఉన్న ప్రావిన్సు) లైట్‌వెయిట్ బాక్సింగ్ టైటిల్ గెలిచి, మరుసటేడు నిలబెట్టుకున్నారు కూడా.

జీవితచరిత్రలన్నీ ఈ ఘటనను ఆరోగ్య బీమాకు మూలంగా చూపిస్తాయి. డగ్లస్ కూడా అలాగే చెప్పుకొనేవారు. అది నిజమే అయినా అర్ధసత్యం. చిన్నప్పుడు ఆసుపత్రి బిల్లు చూసి బాధపడినవాళ్లు ఆ దేశంలో లక్షల్లో ఉన్నారు. వాళ్లంతా పథకాలు రాయలేదు.

వలస విషయంలో ఇంకో సంగతి తరచుగా జారిపోతుంది. 1910లో బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లు బ్రిటిష్ ప్రజలుగానే దిగారు. కెనడా పౌరసత్వమన్నదే 1947 జనవరి 1 దాకా విడిగా లేదు. అందుకని డగ్లస్ ఓటు వేయడానికీ, పోటీ చేయడానికీ ఏ దరఖాస్తూ పెట్టుకోనక్కర్లేదు. భారతీయులూ అదే చక్రవర్తి పాలనలో ఉన్న ప్రజలే. అయినా బ్రిటిష్ కొలంబియాలో స్థిరపడిన భారతీయులకు 1947 దాకా ఓటు లేదు. వలస వచ్చినవాళ్లందరికీ ఒకే గుమ్మం తెరిచి లేదు. మూలవాసులకైతే సొంత నేలమీదే ఓటు లేని రోజులవి. రిజర్వుల్లోని, అంటే వాళ్లకు కేటాయించిన భూముల్లోని, మూలవాసులకు సస్కాచెవాన్ ప్రావిన్సు ఎన్నికల్లో ఓటు వచ్చింది డగ్లస్ హయాంలో, 1960లో.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కుటుంబం గ్లాస్గోకు తిరిగి వెళ్లి, యుద్ధం ముగిశాక మళ్లీ విన్నిపెగ్ చేరింది. 1919 జూన్ 21న, విన్నిపెగ్ సార్వత్రిక సమ్మె మీద గుర్రపు పోలీసులు కాల్పులు జరిపినప్పుడు పద్నాలుగేళ్ల డగ్లస్ మెయిన్ స్ట్రీట్‌లో ఒక డాబా ఎక్కి చూశారు. తర్వాత ప్రెస్సులో లైనోటైప్ పని, అంటే యంత్రం మీద అచ్చు అక్షరాలు కూర్చే పని, నేర్చుకున్నారు.

పాస్టరుగా చేసిన పని

1924 నుంచి 1930 దాకా మానిటోబాలోని బ్రాండన్ కాలేజీలో చదివారు. అది బాప్టిస్టుల కాలేజీ. కాకినాడ, పిఠాపురం వైపు పాఠకులకు కెనడా బాప్టిస్టులు తెలిసినవాళ్లే. 1874లో కాకినాడలో మొదలైన వాళ్ల మిషన్ బడులూ ఆసుపత్రులూ కోస్తాలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ సంఘాల పద్ధతి ఇక్కడ ముఖ్యం. బాప్టిస్టుల్లో బిషప్పు ఉండడు. ఏ ఊరి సంఘం ఆ ఊరిదే; పాస్టరును పిలిచేదీ, జీతమిచ్చేదీ, పొమ్మనేదీ ఆ సంఘమే. పై నుంచి ఒత్తిడి రావచ్చు కానీ ఉత్తర్వు రాదు. జనం ఒప్పుకుంటేనే డబ్బు, డబ్బుంటేనే పని అన్న లెక్క పాస్టరుకు మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

1930లో సస్కాచెవాన్‌లోని వేబర్న్ పట్టణంలో కాల్వరీ బాప్టిస్టు చర్చికి పాస్టరుగా వచ్చారు. ఇంతకంటే చెడ్డ కాలం దొరకదు. 1932 నాటికి రైతు చేతికి గోధుమ బుషెల్‌కు (సుమారు 27 కిలోలు) దాదాపు 35 సెంట్లు వచ్చేవి. దాని మీద వరుస కరువులు, దుమ్ము తుఫానులు. తూర్పు ప్రావిన్సుల చర్చీలు రైలు పెట్టెల్లో బట్టలు, పళ్లు, కూరగాయలు పంపేవి. సముద్రతీరం నుంచి ఎండు ఉప్పుచేప కూడా వచ్చేది. నానబెట్టి, నీళ్లు మార్చి, మళ్లీ నానబెడితే తప్ప తినలేని ఆ చేపను మైదానపు రైతులు ఎన్నడూ వండి ఎరగరు. సాయం అందినా వాడుకోలేకపోవడమన్నది పాస్టరుకు బాగా తెలిసొచ్చే సంగతి: సరుకు వస్తే సరిపోదు, పంపిణీ ఎవరిది, వాడే విధం ఎవరు చెబుతారు అన్నవీ తేలాలి.

1931 సెప్టెంబర్ 29న దగ్గర్లోని ఎస్టెవాన్‌లో బొగ్గు గని కార్మికుల ఊరేగింపు మీద పోలీసులు కాల్చగా ముగ్గురు చనిపోయారు. డగ్లస్ అంతకుముందే ఆ కార్మికులకు ఆహారం చేరవేశారు, చర్చిలో వాళ్ల పక్షాన మాట్లాడారు. సంఘంలో కొందరికి నచ్చలేదు.

ఆయన అభిమానులకు ఇబ్బంది కలిగించే అధ్యాయమూ ఈ రోజులదే. 1933లో మెక్‌మాస్టర్ యూనివర్సిటీకి సమర్పించిన ఎం.ఏ. థీసిస్‌లో, వేబర్న్‌లో బీదరికంలో ఉన్న కొన్ని కుటుంబాలను ‘తక్కువ రకం’గా లెక్కగట్టి, వాళ్లను విడిగా ఉంచాలనీ, కొందరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయాలనీ వాదించారు. ఆ రోజుల్లో ఇలా ఆలోచించినవాళ్లు చాలామంది ఉన్నారన్నది వివరణే తప్ప సమర్థన కాదు. పక్కనున్న ఆల్బర్టాలో బలవంతపు ఆపరేషన్లకు చట్టం 1928 నుంచి అమల్లో ఉంది. సస్కాచెవాన్‌లోనూ అలాంటిది తెమ్మని 1944లో సలహా వచ్చినప్పుడు, ఆరోగ్య శాఖ తన చేతిలోనే ఉన్న డగ్లస్ దాన్ని తిరస్కరించారు. థీసిస్ గురించి తర్వాత పెద్దగా నోరు విప్పలేదు.

ఎన్నికల్లోకి

విన్నిపెగ్‌లో పేద వలసదారుల మధ్య పనిచేసిన మెథడిస్టు పాస్టరు జె.ఎస్. ఉడ్స్‌వర్త్ అప్పటికే పార్లమెంటు సభ్యుడు. డగ్లస్ ఆయనకు ఉత్తరం రాస్తే, సస్కాచెవాన్ రాజధాని రెజైనాలో ఉన్న స్కూలు టీచరు ఎం.జె. కోల్డ్‌వెల్‌ను కలవమన్నారు. ఆ వలయం నుంచే 1932లో కోఆపరేటివ్ కామన్వెల్త్ ఫెడరేషన్, అంటే సీసీఎఫ్ పార్టీ పుట్టింది. రైతు సంఘాలు, కార్మిక సంఘాలు, సోషలిస్టులు కలిసిన పార్టీ అది.

1934లో ప్రావిన్సు ఎన్నికల్లో డగ్లస్ ఓడిపోయారు. 1935 పార్లమెంటు ఎన్నికలకు నిలబడాలా వద్దా అని ఊగుతుండగా బాప్టిస్టు సంఘాల పర్యవేక్షకుడొకరు వచ్చి, పోటీ చేస్తే ఇక కెనడాలో ఏ చర్చీ దొరకదని హెచ్చరించారు. ఆ హెచ్చరికతోనే తాను పోటీకి సిద్ధపడ్డానని డగ్లస్ తర్వాతి కాలంలో చెప్పేవారు. గెలిచారు. ఉపన్యాసంలో ముందు నవ్వించి, ఆపైన లెక్కలు చెప్పడం ఆయన పద్ధతి. పల్లె బళ్లలో జరిగే సభ చివర, ఆదివారం ఆరాధనలో కానుకలు పట్టినట్టే చందాలు పోగయ్యేవి. పెద్ద కంపెనీల విరాళాలు లేని పార్టీకి అదే ఆధారం.

1944: ఏది ముందు?

1944లో ప్రావిన్సు ఎన్నికల్లో గెలిచాక డగ్లస్ ప్రీమియర్ పదవితో పాటు ఆరోగ్య శాఖను 1949 దాకా తన దగ్గరే ఉంచుకున్నారు. ఖజానా మాత్రం క్లారెన్స్ ఫైన్స్ అనే మాజీ స్కూలు టీచరుకు అప్పగించారు. ఈ ఇద్దరి ఒప్పందం సూటిగా ఉండేది: లోటు బడ్జెట్ వద్దు, పాత అప్పు తీర్చాలి. సోషలిస్టు ప్రభుత్వం బ్యాంకర్ల దగ్గర చేయి చాస్తే విధానం బ్యాంకర్లదే అవుతుందన్నది వాళ్ల వాదన. ఇవాళ కుడిపక్షం చెప్పే మాటను ఎడమపక్షం ఎడమపక్ష కారణాలతో పాటించింది.

శూన్యంలోంచి మొదలుపెట్టలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1914లోనే సార్నియా అనే పల్లె మునిసిపాలిటీ తమ డాక్టరు వెళ్లిపోకుండా పన్ను డబ్బుల్లోంచి ఏడాదికి 1,500 డాలర్లు ఇచ్చింది. తర్వాత దానికి చట్టం వచ్చింది. చుట్టుపక్కల ఊళ్లు కలిసి ఆసుపత్రి కట్టుకోవడమూ ఉంది. ఊరంతా కలిసి డాక్టరును పోషించడం అక్కడి రైతుకు కొత్త సిద్ధాంతం కాదు.

1944 చివర్లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ వైద్య చరిత్రకారుడు హెన్రీ సిగరిస్ట్‌ను పిలిపించి, ప్రావిన్సంతా తిప్పి నివేదిక రాయించారు. ఆ తర్వాత పనులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1945లో వృద్ధాప్య పెన్షనర్లకూ, పోషణ లేని వితంతువులకూ ఉచిత వైద్య కార్డులు. క్యాన్సర్, మానసిక జబ్బుల చికిత్సకు ఫీజు రద్దు. 1946లో విమాన అంబులెన్సు. అదే ఏడాది జూలై 1న స్విఫ్ట్ కరెంట్ ప్రాంతంలో డాక్టరు ఫీజుతో సహా అన్నీ కలిసిన ప్రాంతీయ పథకం. ప్రావిన్సు మొత్తానికి చేయబోయేదాన్ని ఒక మూల చేసి చూసుకున్నారన్నమాట. డాక్టర్లు అక్కడి నుంచి పారిపోలేదు సరికదా, కొత్తవాళ్లు వచ్చి చేరారు.

ఐదు డాలర్ల కార్డు

1947 జనవరి 1న మొదలైన ఆసుపత్రి బీమాలో మనిషికి ఏడాదికి 5 డాలర్లు, కుటుంబం ఎంత పెద్దదైనా 30 డాలర్లకు మించదు. కట్టడం అందరికీ తప్పనిసరి. జబ్బు వచ్చాక చేరదామంటే కుదరదు. ఈ నిర్బంధం లేకపోతే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు బయటే ఉండిపోతారు, జబ్బుతో ఉన్నవాళ్లే చేరతారు, ప్రీమియం ఏటేటా పెరిగి పథకం కూలుతుంది. స్వచ్ఛంద బీమాలు దెబ్బతినేది ఇక్కడే.

వసూలుకు కొత్త శాఖ తెరవలేదు. ఇంటిపన్ను, భూమి పన్ను వసూలు చేసే మునిసిపాలిటీలకే ఈ పని అప్పగించారు. ఊళ్లో ఎవరెవరున్నారో ఆ కార్యాలయానికి తెలిసినంతగా రాజధానికి తెలియదు. ప్రీమియం కట్టినవాళ్లకు కార్డు. కార్డుంటే జనరల్ వార్డు, ఆపరేషన్ థియేటరు, ఎక్స్‌రే, ల్యాబు పరీక్షలు, మామూలు మందులు అన్నీ ఉచితం. ఇన్ని రోజులే అన్న పరిమితి లేదు. ప్రీమియంతో చాలని ఖర్చును పన్నులు భరించాయి.

కష్టం వెంటనే కనబడింది. బిల్లు భయం పోయేసరికి ఇన్నాళ్లూ పళ్లబిగువున ఇంట్లోనే ఉన్నవాళ్లు ఆసుపత్రికి వచ్చారు. పడకలు చాల్లేదు. ఖర్చు వేసుకున్న అంచనా దాటింది, తర్వాతి ఏళ్లలో ప్రీమియమూ పెరిగింది. పథకం ప్రకటించడం కన్నా ముందు గ్రాంట్లతో ఆసుపత్రులు కట్టించడం ఎందుకు అవసరమో ఇక్కడ తెలుస్తుంది. చేతిలో కార్డుండి పడక లేకపోతే ఆ కార్డు మీద నమ్మకం ఒక్క శీతాకాలం కూడా నిలవదు.

ఆసుపత్రులను ముందు, డాక్టర్లను తర్వాత పెట్టుకోవడంలో ఇంకో తెలివి ఉంది. కరువు రోజుల్లో వసూలు కాని బిల్లులతో ఆసుపత్రులు చితికిపోయి ఉన్నాయి. ప్రభుత్వం కడతానంటే వాటికి పండగే. ఒప్పుకునేవాళ్లతో మొదలుపెట్టారు.

ఈ ప్రభుత్వం వేలు కాల్చుకున్న చోటూ ఉంది. ఉపాధి కోసమని ప్రభుత్వమే పెట్టిన బూట్ల ఫ్యాక్టరీ, తోళ్ల శుద్ధి కార్ఖానా, ఉన్ని మిల్లు నష్టాలతో మూతబడ్డాయి. కారణం సిద్ధాంతంలో వెతకనక్కర్లేదు. జనాభా తక్కువ, మార్కెట్ చిన్నది, తూర్పున ఉన్న పెద్ద ఫ్యాక్టరీలు అదే బూటును చవగ్గా రైల్లో పంపగలవు. కరెంటు, టెలిఫోను, వాహన బీమా, బస్సులు మాత్రం నిలిచాయి. వాటిలో పోటీ లేదు, ప్రతి ఇంటికీ అవసరం. ఏది ప్రభుత్వం చేతిలో నడుస్తుందో, ఏది నడవదో మొదటి ఐదేళ్లలో నేర్చుకుని, ఆపైన కొత్తగా బూట్ల జోలికి పోలేదు.

ఆగడానికి కారణం, ఆగినందుకు ధర

డాక్టరు ఫీజు బీమాకు కావలసింది కేంద్రం డబ్బు. 1945లో ఒట్టావాలోని కేంద్ర ప్రభుత్వం ఆరోగ్య బీమా ఖర్చులో పెద్ద వాటా ఇస్తానని ప్రతిపాదించింది. ప్రావిన్సులతో పన్నుల పంపకం కుదరక 1946లో ఆ చర్చలు విఫలమయ్యాయి. డగ్లస్ సొంత ఖజానాతో ఆసుపత్రుల దాకా వెళ్లి ఆగారు. 1957లో కేంద్రం ఆసుపత్రి బీమా చట్టం చేసింది. 1958 జూలై నుంచి అమలు. కేంద్రం వాటాకు సూత్రం ఇది: దేశ సగటు తలసరి ఖర్చులో 25 శాతం, ఆ ప్రావిన్సు సొంత తలసరి ఖర్చులో 25 శాతం. దాదాపు సగం. పదేళ్లకు పైగా ఒంటరిగా మోసిన భారంలో సగం దిగేసరికి ఆ డబ్బు ఎక్కడ పెట్టాలో డగ్లస్‌కు ముందే తెలుసు. 1959 డిసెంబర్‌లో రేడియోలో అయిదు సూత్రాలు ప్రకటించారు: ముందస్తు చెల్లింపు, అందరికీ వర్తింపు, మంచి నాణ్యత, ప్రజలకు జవాబుదారీ అయిన సంస్థ నిర్వహణ, ఇచ్చేవాళ్లకూ పుచ్చుకునేవాళ్లకూ సమ్మతమైన రూపం.

చివరి సూత్రం దగ్గరే బండి ఇరుక్కుంది. కరువు రోజుల్లో ఫీజులు రాని డాక్టర్లు 1940ల మొదట్లో ప్రభుత్వ బీమాను సమర్థించారు. 1959 నాటికి పరిస్థితి వేరు. రైతు చేతిలో డబ్బుంది. పైగా సస్కటూన్‌లో మెడికల్ సర్వీసెస్ ఇన్‌కార్పొరేటెడ్, రెజైనాలో గ్రూప్ మెడికల్ సర్వీసెస్ పేర్లతో డాక్టర్ల మద్దతున్న బీమా సంస్థలు నడుస్తున్నాయి. ఖజానా సిద్ధమయ్యే వేళకు డాక్టర్ల అవసరం తీరిపోయింది. 1946లోనే తెచ్చి ఉంటే డబ్బు చాలేది కాదు. 1960లో డబ్బుంది, ఒప్పుదల లేదు. డగ్లస్ వ్యూహంలో బలహీనత ఏదైనా ఉంటే ఇదే. 1960 ఎన్నికల్లో డాక్టర్ల సంఘం సభ్యుల దగ్గర తలా 100 డాలర్లు వసూలు చేసి ప్రచారం చేసింది. సీసీఎఫ్ గెలిచింది.

1961 ఆగస్టులో సీసీఎఫ్, కార్మిక సంఘాలు కలిసి న్యూ డెమోక్రటిక్ పార్టీ (ఎన్‌డీపీ)గా మారాయి. డగ్లస్ జాతీయ నాయకుడిగా ఎన్నికై నవంబర్‌లో ప్రీమియర్ పదవి వదిలారు. డాక్టరు ఫీజు బీమా చట్టం అదే నెలలో, ఆయన వారసుడు వుడ్రో లాయిడ్ చేతుల మీదుగా వచ్చింది. ప్రీమియం ఒంటరివాళ్లకు ఏడాదికి 12 డాలర్లు, కుటుంబానికి 24. అమ్మకం పన్ను 3 నుంచి 5 శాతానికి పెరిగింది. డాక్టర్లకు వాళ్ల సంఘం రేట్ల పట్టికలో 85 శాతం చెల్లింపు. ఫీజులు ఎగ్గొట్టేవాళ్లుండరు, వసూలు ఖర్చుండదు గనుక ఆ 85 నికర రాబడిలో తక్కువేం కాదన్నది ప్రభుత్వ లెక్క. డాక్టర్లు డబ్బుకన్నా అధికారం గురించి ఎక్కువ భయపడ్డారు.

1962 జూలై 1న ఎక్కువ మంది డాక్టర్లు క్లినిక్‌లు మూసేశారు. కొన్ని ఆసుపత్రుల్లో అత్యవసర సేవలు మాత్రమే నడిచాయి. తెరిచి ఉన్న చోటు వెతుకుతూ తల్లిదండ్రులు కారులో తిప్పిన తొమ్మిది నెలల పసివాడు ఆ మొదటి రోజే చనిపోయాడు. ప్రభుత్వం బ్రిటన్ నుంచి డాక్టర్లను రప్పించింది. జూలై 11న అసెంబ్లీ ముందు జరిగిన వ్యతిరేక సభకు వేలకు వేలు వస్తారనుకుంటే, వచ్చింది నాలుగైదు వేల మందే. ఆ రోజుతో సమ్మె పట్టు సడలింది. బ్రిటిష్ డాక్టరు, ప్రభువుల సభ సభ్యుడు లార్డ్ టేలర్ ఇరుపక్షాల మధ్య తిరిగి జూలై 23న సస్కటూన్‌లో రాజీ కుదిర్చారు.

రాజీలో డాక్టరుకు నాలుగు దారులు దొరికాయి. పథకాన్ని నడిపే ప్రభుత్వ కమిషన్ నుంచి నేరుగా పూర్తి చెల్లింపు తీసుకోవచ్చు. తమకు నచ్చిన పాత బీమా సంస్థ గుండా అదే డబ్బు తీసుకోవచ్చు. రోగికి బిల్లు ఇచ్చి, రోగి కమిషన్ దగ్గర వసూలు చేసుకునేలా చేయవచ్చు. లేదా పథకానికి పూర్తిగా బయట ఉండవచ్చు. మూడో దారిలో, కమిషన్ ఇచ్చేదానికి మించి రోగి దగ్గర తీసుకునే వీలు మిగిలింది. ఆ సందును మూయడానికి 1984 కెనడా హెల్త్ యాక్ట్ దాకా పట్టింది.

తర్వాత

ఈ గొడవకు మొదటి మూల్యం డగ్లసే చెల్లించారు. సమ్మెకు పక్షం రోజుల ముందు, 1962 జూన్ 18న రెజైనాలో పార్లమెంటుకు పోటీచేసి ఓడిపోయారు. అదే ఏడాది బ్రిటిష్ కొలంబియా నుంచి ఉప ఎన్నికలో గెలిచారు. జాతీయ నాయకుడిగా పదేళ్లలో ఏనాడూ అధికారం దగ్గరికి రాలేదు. 1970 అక్టోబర్‌లో క్యుబెక్ వేర్పాటువాదుల కిడ్నాపుల మీద పియెర్ ట్రూడో ప్రభుత్వం పౌర హక్కులను పక్కనబెట్టే యుద్ధ చర్యల చట్టం ప్రయోగించినప్పుడు, ఎదురు ఓటు వేసింది డగ్లస్‌తో కలిపి పదహారు మంది ఎన్‌డీపీ సభ్యులు. అప్పుడు అది జనానికి నచ్చని ఓటు. ఆయన మీద పోలీసు నిఘా దశాబ్దాల తరబడి సాగిందని ఆ తర్వాత బయటపడింది.

మైనారిటీలో ఉన్న లిబరల్ ప్రభుత్వం 1966లో దేశమంతటికీ వైద్య బీమా చట్టం చేసింది. 1968 జూలై 1 నుంచి అమలు, ఖర్చులో సగం కేంద్రానిది. 1972 నాటికి ప్రావిన్సులన్నీ చేరాయి. సస్కాచెవాన్ 1974లో ప్రీమియమే ఎత్తేసింది. డగ్లస్ 1979లో పార్లమెంటు వదిలి, 1986 ఫిబ్రవరి 24న ఒట్టావాలో మరణించారు.

ఫీజుల అడ్డు తీసేయడం మొదటి అంకమేననీ, జబ్బు రాకుండా చూసేలా వైద్యాన్ని తిరిగి అమర్చడం రెండో అంకమనీ ఆయన చివరి దాకా అంటూనే ఉన్నారు. అది కాదుగదా, మొదటి అంకంలోనే రెండు గదులు ఖాళీగా మిగిలాయి: ఆసుపత్రి బయట కొనే మందులు, పళ్ల వైద్యం. సస్కాచెవాన్ 1974లో బడుల్లోనే పిల్లల పళ్లకు చికిత్స చేసే పథకం పెట్టింది; 1987లో మరో పార్టీ ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. టొరంటోలోనో కాల్గరీలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది నిత్యానుభవం: హెల్త్ కార్డు చూపితే డాక్టరు దగ్గర బిల్లు పడదు, పన్ను పీకించుకుంటే పడుతుంది. ఎన్‌డీపీ పట్టుబట్టడంతో కేంద్రం 2023 డిసెంబర్‌లో పళ్ల వైద్య పథకం మొదలుపెట్టింది. దరఖాస్తులు ముందు 87 ఏళ్లు దాటినవాళ్ల నుంచి తీసుకుని, మెట్టు మెట్టుగా వయసు తగ్గించుకుంటూ వచ్చారు. కుటుంబ నికర ఆదాయం 90 వేల డాలర్ల లోపు ఉండాలి, పన్ను రిటర్ను వేసి ఉండాలి, ఉద్యోగం ద్వారా పళ్ల బీమా అందుబాటులో ఉంటే ఇది వర్తించదు.